టైసన్ గుద్దుకి ఎక్కువ మార్కులేశాం

2024 నవంబరు 16, శనివారం పొద్దున్న. ఇడ్లీలు తినడం అయిపోయింది. మా బావ టీవీకి రెండడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చల్లారిపోయిన కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తెర మీద బొమ్మ ఆగిపోతోంది, చక్రం గిర్రున తిరుగుతోంది, మళ్ళీ బొమ్మ వస్తోంది. వచ్చినప్పుడల్లా టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియం మధ్యలో ఒకప్పటి ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్, 58 ఏళ్ళ మైక్ టైసన్, యూట్యూబ్ నుంచి బాక్సింగ్‌లోకి వచ్చిన 27 ఏళ్ళ జేక్ పాల్‌కి ఎదురుగా కనిపిస్తున్నాడు. రౌండుకి రెండు నిమిషాలే, మొత్తం ఎనిమిది రౌండ్లు. మొదటి రౌండులో కాస్త ఊపు కనిపించింది. మూడో రౌండుకల్లా కాళ్ళు మొరాయించాయి. ఆ తర్వాత టైసన్ ఎక్కువగా చేసింది తన గ్లవ్ తనే కొరుక్కోవడం. చివర్లో లెక్క చెప్పారు: టైసన్ విసిరిన గుద్దులు 97, తగిలినవి 18.

"అరవై దగ్గర పడ్డ మనిషిని తీసుకొచ్చి నిలబెడితే ఏం చేస్తాడ్రా పాపం? అదే 88లో టైసన్ అయితే వీణ్ణి స్ట్రెచర్ మీద మోసుకెళ్ళేవాళ్ళు" అన్నాడు బావ, రిమోట్ సోఫా మీదకి గిరాటేసి.

వాళ్ళబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. ఫోన్లోంచి తలెత్తకుండానే, "88లో మాత్రం ఎవర్ని కొట్టాడు నాన్నా? రిటైరైన తాతల్ని. గట్టివాడు ఎదురైన ప్రతిసారీ ఓడిపోయాడు. ఫుల్ ఓవర్ రేటెడ్" అన్నాడు.

బావ మొహం ఎర్రబడింది. "నువ్వు చెప్పరా వీడికి" అన్నాడు నా వైపు తిరిగి.

నేనేదో నీళ్ళు నమిలాను. భోజనాల వేళ దాకా వాళ్ళిద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. ఆ రోజు నాకు సరిగ్గా నోరు పెగల్లేదు గానీ, తర్వాత చాలా రోజులు అదే బుర్రలో తిరిగింది. పాత ఆటలన్నీ మళ్ళీ వేసుకుని చూశాను. చూశాక నా మట్టుకు నాకు తేలింది ఇదీ: టైసన్‌కి మనం ఇచ్చిన బిల్డప్ ఎక్కువే. కానీ మార్కులు వేయాల్సిన పేపరు పక్కన పడేసి వేరే పేపరు దిద్దాం. అతని గుద్దుకి నూటికి నూటపది వేశాం. ఆ గుద్దు తగిలేంత దగ్గరికి అతన్ని క్షేమంగా చేర్చిన తలకి, నడుముకి, మోకాళ్ళకి పాస్ మార్కులు కూడా వేయలేదు. అందుకే అతను ఎందుకు గెలిచాడో బావకి తెలీదు, ఎందుకు ఓడాడో వాళ్ళబ్బాయికి తెలీదు.

మా తరానికి టైసన్ ముందు వినికిడి, తర్వాతే చూపు. 1988లో విశాఖపట్నంలో మా వీధిలో ఎవరూ అతని ఆట చూసిన పాపాన పోలేదు. పేపర్లో చివరి పేజీలో ఒక నలుపు తెలుపు ఫొటో, దాని కింద ఒక అంకె: 91 సెకన్లు. మైకేల్ స్పింక్స్ అనే ఓటమెరుగని వాణ్ణి అంత సేపట్లో పడగొట్టాడట. మేం క్రికెట్ బ్యాట్ పక్కన పెట్టి గోడ గడియారం ముందు నిలబడి, 91 సెకన్లంటే ఎంతో లెక్కపెట్టుకున్నాం. ఆ అంకె తప్ప మా దగ్గరేమీ లేదు. మిగతాదంతా మేమే అల్లుకున్నాం. టైసన్ గుద్దితే గోడ కూలుతుంది, టైసన్ రోజుకి పాతిక గుడ్లు మింగుతాడు, ఇలాంటివి. ఆ తర్వాత కొన్నేళ్ళకి వీధిలో సగం కుక్కలు టైసన్‌లే. ఆ టైసన్‌ని రెండు సార్లు ఓడించిన హోలీఫీల్డ్ పేరు పెట్టి పిలిస్తే తోకాడించిన కుక్కని ఈ యాభై ఏళ్ళలో ఒక్కదాన్ని కూడా చూడలేదు నేను.

కేబుల్ వచ్చాక చూశాం. చూసిందైనా ఏమిటి? పడిపోవడాలు. ఒకడు వస్తాడు, పడతాడు. ఇంకొకడు వస్తాడు, పడతాడు. ఇప్పుడు ఫోన్లలో పిల్లలు చూసేదీ అదే, ముప్ఫై సెకన్ల వీడియో, వెనకాల ఒక డప్పుల మ్యూజిక్కు. పడేముందు రెండు నిమిషాలు ఏం జరిగిందో కత్తిరించేస్తారు. మనకి బాక్సింగ్ అంటే పడగొట్టడమే అని గట్టిగా నాటుకుపోయింది. 2022 మేలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి మీద 5-0తో గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయిన రోజు, మా ఇంట్లోనే ఒకరు "గెలిచింది సరే, పడగొట్టలేదేం?" అని అడిగారు. ఏం చెప్తాం!

టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. రెండు చేతులూ బార్లా చాపితే ఇటు కొన నుంచి అటు కొనకి 71 అంగుళాలు. అందరికన్నా బరువైన వాళ్ళు ఆడే హెవీవెయిట్‌లో ఇది పొట్టి కిందే లెక్క. 1987లో అతను ఓడించిన టోనీ టకర్ ఆరడుగుల అయిదంగుళాలు. టైరెల్ బిగ్స్, 1984 ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు, అతనూ అంతే. ఇలాంటి వాళ్ళు ఎడమ చెయ్యి చాపి జ్యాబ్ మీద జ్యాబ్ వేస్తూ దూరంగా ఉంచేస్తే, టైసన్ గుద్దులో ఎంత బలం ఉంటే మాత్రం ఏం లాభం? అది తగలాలంటే ముందు ఆ పొడుగు చేతుల్ని దాటుకుని లోపలికి వెళ్ళాలి. వెళ్తూ తను తినకూడదు. అసలు విద్య అక్కడుంది.

నాకది కాస్త ఒంటికి తెలుసు. డిగ్రీలో ఉండగా బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఒక సార్ దగ్గర మూడు నెలలు బాక్సింగ్ నేర్చుకోడానికి వెళ్ళాను. పోటీలకి వెళ్దామని కాదు, బావ ముందు ఫోజు కొడదామని. మొదటి వారం గ్లవ్స్ ముట్టనివ్వలేదు. రెండు స్తంభాలకి మధ్య భుజాల ఎత్తులో ఒక నైలాన్ తాడు కట్టారు. ఆ తాడు కింద నుంచి తల అటు తీయాలి, ఇటు తీయాలి, ఒక్కో అడుగూ ముందుకేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలి, మళ్ళీ వెనక్కి రావాలి. చేతులు బుగ్గల దగ్గరే ఉండాలి. నేను మెడ వంచి దూరిపోతుంటే సార్ వెనక నుంచి తొడ మీద ఒక్కటి తగిలించారు. "మెడ కాదురా, మోకాళ్ళు వంచు. మెడ వంచితే ఎదుటివాడు కనపడడు. కనపడకపోతే తింటావు." నాలుగు నిమిషాలకి తొడలు వణకడం మొదలైంది. మర్నాడు కాలేజీ మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగాను. మూడు నెలలయ్యాక కొద్దిగా వచ్చింది. పరీక్షలొచ్చి నెల రోజులు మానేసి వెళ్తే మళ్ళీ మొదటికి. గుద్దు బలం అలాగే ఉంది, ఇసుక సంచీ అలాగే ఊగుతోంది. తల మాత్రం కదలడం మర్చిపోయింది. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, టోక్యోలో పనికొస్తుంది.

టైసన్‌కి ఇదంతా నేర్పింది కస్ డమాటో. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్స్‌కిల్ అనే చిన్న ఊళ్ళో, పోలీసు స్టేషన్ పై అంతస్తులో ఉండేది ఆయన జిమ్ము. బ్రూక్లిన్ వీధుల్లో చిల్లర దొంగతనాలు చేసి బాలనేరస్థుల బడి దాకా వెళ్ళిన కుర్రాడికి బాగా కుదిరిన చోటే. అక్కడ తాడుకి వేలాడే చిన్న ఇసుక మూట ఒకటి ఉండేది. దాన్ని ఊపి వదులుతారు. అది ముక్కు దాకా వచ్చేసరికి తల పక్కకి వెళ్ళిపోవాలి, తిరిగొచ్చేసరికి రెండో పక్కకి. రెండు గ్లవ్సూ చెంపలకి ఆనించి, వాటి మధ్య నుంచి తొంగి చూస్తూ, నడుము నుంచి పైకంతా గడియారం లోలకంలా ఊగుతూ ముందుకి నడిచే పద్ధతి ఇది. 1956లో 21 ఏళ్ళకే ఛాంపియనైన ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని కూడా ఈ పద్ధతిలోనే తయారుచేశాడు డమాటో. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ రికార్డుని చెరిపేసినవాడూ ఆయన శిష్యుడే.

జాగ్రత్తగా చూస్తే గుద్దు బలం కూడా ఇందులోంచే వస్తోందని తెలుస్తుంది. ఎదుటివాడి జ్యాబ్‌ని తప్పించుకుంటూ టైసన్ ఎడమ పక్కకి వంగాడనుకోండి, ఒంటి బరువంతా ఎడమ కాలి మీదకి వస్తుంది. అక్కడి నుంచి పైకి లేస్తూ ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే గుద్దు, వదిలితే అందులో ఒక్క చెయ్యి బరువే ఉండదు, దాదాపు వంద కిలోల మనిషి ఉంటాడు. తప్పించుకోవడం, కొట్టడం అతనికి రెండు పనులు కావు. కొన్నిసార్లు ఏది ఎక్కడ అయిందో, ఏది ఎక్కడ మొదలైందో స్లో మోషన్‌లో కూడా తెలీదు. ఎదుటివాడు విసిరిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంటుంది, అతని దవడ మాత్రం అప్పటికే ఖాళీగా దొరికిపోయి ఉంటుంది. మనం బలం అనుకుని చప్పట్లు కొట్టిందాంట్లో సగం ఇదే.

1985 మార్చిలో మొదలుపెట్టి వరసగా 19 మందిని నాకౌట్ చేశాడు. అందులో చాలామంది ఎవరికీ తెలియని వాళ్ళే, అది ఒప్పుకోవాల్సిందే. ఎదిగే బాక్సర్‌కి ఎవరైనా అలాంటి వాళ్ళనే చూసి పెడతారు. 1986 నవంబరు 22న లాస్ వేగస్‌లో ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండులో ముగించి, 20 ఏళ్ళ 4 నెలలకి ఛాంపియనయ్యాడు. నల్ల నిక్కరు, మేజోళ్ళు లేని బూట్లు, ఒంటి మీద గౌను కూడా లేదు. ఆ చివరి హుక్ కణత మీద తగిలాక బెర్బిక్ లేవబోయి రింగుకి ఆ పక్కన పడ్డాడు, మళ్ళీ లేవబోయి ఈ పక్కన పడ్డాడు. ఒక్క దెబ్బకి మూడు సార్లు పడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇక మావాడి మాట: "రిటైరైన తాతలు". వాడు అంటున్నది ల్యారీ హోమ్స్ గురించి. 1988 జనవరిలో టైసన్ చేతిలో నాలుగో రౌండులో పడిపోయేనాటికి హోమ్స్‌కి 38, అప్పటికి దాదాపు రెండేళ్ళుగా రింగు మొహం చూడలేదు. నిజమే. కానీ అక్కడే ఆగిపోతే ఎలా? అదే హోమ్స్ 1992లో, 42 ఏళ్ళ వయసులో, అప్పటిదాకా ఓడిపోని రే మెర్సర్‌ని పాయింట్ల మీద ఓడించాడు. అదే ఏడాది హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ నిలబడ్డాడు. మొత్తం 75 ఆటల్లో హోమ్స్‌ని నాకౌట్ చేసింది ఒక్కడే. ఆ ఒక్కడెవరో చెప్పక్కర్లేదు. స్పింక్స్ సంగతీ అంతే. తేలికపాటి వెయిట్ నుంచి పైకొచ్చినవాడు, భయపడ్డాడు, అన్నీ నిజాలే. అయినా హోమ్స్‌ని రెండు సార్లు ఓడించి, 31 ఆటల్లో 31 గెలిచి వచ్చినవాడు. టైసన్‌తో ఆడాక మళ్ళీ రింగెక్కలేదు. టోనీ టకర్ కూడా ఓటమి ఎరుగని వాడిగానే వచ్చాడు, 12 రౌండ్లు ఆడి ఓడాడు. ఆ ఆటతోనే డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్ అనే మూడు వేర్వేరు సంస్థలిచ్చే ఛాంపియన్ బెల్టులు మూడూ మొదటిసారి ఒక్కడి నడుముకి చేరాయి. అంతకు ముందు కొన్నేళ్ళుగా ఆ బెల్టులు కుర్చీలాటలో కుర్చీల్లా ఒకడి నుంచి ఒకడికి మారుతుండేవి.

కాబట్టి "ఎవర్నీ కొట్టలేదు" అనే మాట నిలబడదు. అలీకి దొరికిన ఫ్రేజియర్, ఫోర్‌మన్ లాంటివాళ్ళు ఆ కాలంలో అతనికి దొరకలేదు, అది వేరే సంగతి. పక్కూళ్ళో పులి లేకపోవడం వేటగాడి తప్పు కాదు.

ఇప్పుడు మా బావ వంతు. ఆయన దగ్గర మూడు "అయితే"లున్నాయి. కస్ డమాటో బతికుంటే. జైలుకెళ్ళకపోతే. పోటీలు ఏర్పాటుచేసే డాన్ కింగ్ చేతిలో పడకపోతే. పెళ్ళిళ్ళలో, చావుల్లో, రైళ్ళలో ఈ మూడూ విని విని నాకు కంఠతా వచ్చేశాయి.

మొదటిది తారీఖులకే నిలవదు. డమాటో చనిపోయింది 1985 నవంబరు 4న. అప్పటికి టైసన్ రింగులోకి దిగి ఎనిమిది నెలలు. బెర్బిక్, టకర్, బిగ్స్, హోమ్స్, స్పింక్స్, మనం గొప్పగా చెప్పుకునే ప్రతి గెలుపూ ఆయన పోయాకే. ఆ రోజుల్లో రింగు మూలన కోచ్‌గా నిలబడింది కెవిన్ రూనీ. అతనూ డమాటో శిష్యుడే, అదే పద్ధతి, అదే ఇసుక మూట. 1988 జూన్‌లో స్పింక్స్‌ని పడగొట్టాక కొన్ని నెలలకి రూనీని తీసేశారు. నా దృష్టిలో టైసన్ కథలో మలుపు అది. జైలూ కాదు, డమాటో చావూ కాదు. రోజూ తాడు కింద దూరమని తొడ మీద కొట్టే మనిషి లేకుండా పోయాడు.

తర్వాతి ఆటలు పక్కపక్కన పెట్టి చూడండి. 1989 ఫిబ్రవరిలో ఫ్రాంక్ బ్రూనో మొదటి రౌండులోనే ఒక హుక్‌తో టైసన్‌ని కదిపేశాడు. అయిదో రౌండులో బ్రూనో పోయాడు గనక ఎవరూ పట్టించుకోలేదు. జులైలో కార్ల్ విలియమ్స్ 93 సెకన్లకే పోయాడు. మళ్ళీ ఒక అంకె దొరికింది, మళ్ళీ చప్పట్లు. తల ఊగడం తగ్గిందని, జ్యాబ్ వేయడం మానేసి ఒక్కో గుద్దు కోసం కాచుక్కూర్చుంటున్నాడని చూసినవాళ్ళు తక్కువ. గెలుస్తున్నవాడికి తప్పులెవరు చెప్తారు?

1990 ఫిబ్రవరి 11, టోక్యో. అప్పటికి 37 ఆటలు, 37 గెలుపులు, అందులో 33 నాకౌట్లు. ఎదురుగా బస్టర్ డగ్లస్. డగ్లస్ గెలుస్తాడంటే పందేలవాళ్ళు ఒకటికి 42 ఇస్తామన్నారు, చాలా చోట్ల అసలు పందెమే తీసుకోలేదు. మూడు వారాల ముందే డగ్లస్ వాళ్ళమ్మ చనిపోయింది. టోక్యోలో ప్రాక్టీసు చేస్తుండగా గ్రెగ్ పేజ్ చేతిలో టైసన్ ఒకసారి కింద పడ్డాడన్న వార్త కూడా వచ్చింది, ఎవరూ లెక్కచేయలేదు.

డగ్లస్ చేతుల చాపు 83 అంగుళాలు. టైసన్‌ది 71. తేడా సరిగ్గా ఒక అడుగు. రెండేళ్ళ ముందు టైసన్ ఆ అడుగుని తలతో దాటేవాడు. ఆ రోజు నిటారుగా నిలబడి చూస్తున్నాడు. జ్యాబ్ వచ్చి మొహం మీద పడుతోంది, వెనకే కుడి చెయ్యి వస్తోంది. అయిదో రౌండుకి ఎడమ కన్ను వాచిపోవడం మొదలెట్టింది. ఇక్కడ ఒక దృశ్యం చూడాలి, నాకు ఆ ఆట మొత్తానికి అదే గుర్తుంటుంది. వాపు మీద అదమడానికి బాక్సింగ్ మూలల్లో చల్లటి ఇనప బిళ్ళ ఒకటి ఉంచుకుంటారు. మా సార్ దగ్గర కూడా ఉండేది, థర్మోకోల్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య. ప్రపంచ ఛాంపియన్ మూలలో ఆ రోజు అది లేదు. రూనీ స్థానంలో వచ్చినవాళ్ళు రబ్బరు గ్లవ్‌లో ఐసు నీళ్ళు పోసి, మూతి కట్టి, ఆ బుడగని అతని కంటి మీద పెట్టి నిలబడ్డారు. అది అటూ ఇటూ జారుతోంది. కోట్ల డాలర్ల మనిషి ఒంటి కన్నుతో వాళ్ళ వైపు చూస్తున్నాడు.

ఎనిమిదో రౌండు చివర్లో టైసన్‌కి ఒక అప్పర్‌కట్, అంటే కింద నుంచి గడ్డం మీదకి వేసే గుద్దు, దొరికింది. డగ్లస్ వెనక్కి పడ్డాడు. తొమ్మిది అనేసరికి లేచాడు. లెక్క నెమ్మదిగా సాగిందని టైసన్ వర్గం తర్వాత గొడవ చేసింది, కొన్ని రోజులు బెల్టు ఎవరిదో తేల్చలేదు కూడా. కానీ రిఫరీ ఎన్ని అంటున్నాడో చూసుకుని లేవడమే బాక్సర్ పని. పదో రౌండులో డగ్లస్ ఒక అప్పర్‌కట్ వేసి, వెనకే నాలుగు గుద్దులు వేశాడు. అసలు పోటీలో టైసన్ పడటం అదే మొదటిసారి. చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ, నోట్లోంచి జారిపోయిన మౌత్‌పీస్ కోసం నేల తడుముకున్నాడు. దొరికింది. నోట్లో తిరగేసి పెట్టుకున్నాడు, సగం బయటికి వేలాడుతోంది. అలాగే లేచి రిఫరీ చేతుల్లోకి తూలాడు.

అన్నట్టు, తొమ్మిది రౌండ్లయ్యేసరికి ఒక జడ్జి లెక్కలో టైసనే ముందున్నాడు, ఇంకొకరి లెక్కలో సమానం. పేరుకున్న బలం అంత.

సోమవారం పేపర్లో చూసి, అప్పుడు ఇంటర్ చదువుతున్న మా బావ "ప్రింటింగ్ మిస్టేక్" అన్నాడు. మంగళవారం కూడా అదే మాట మీదున్నాడు.

ఇప్పుడు రెండో "అయితే". 1992 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో అత్యాచారం కేసులో జ్యూరీ టైసన్‌ని దోషి అంది. ఆరేళ్ళ శిక్ష పడింది, మూడేళ్ళ లోపే, 1995 మార్చిలో బయటికొచ్చాడు. "జైలు అతని మంచి రోజులు తినేసింది" అని బావలాంటి వాళ్ళంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి జరిగింది పక్కన పెట్టి, ఇతని నాకౌట్ల లెక్క తగ్గిందని ఏడవడం ఏమిటి? ఆ మాట అలా ఉంచినా, ఆట లెక్కలో కూడా అది తప్పే. డగ్లస్ చేతిలో ఓడింది జైలుకి రెండేళ్ళ ముందు. మంచి రోజులు అప్పటికే అయిపోయాయి, వాటిని అతనే ఖర్చుపెట్టేసుకున్నాడు. డాన్ కింగ్ సంగతి నేను మాట్లాడను. సంతకం పెట్టిన చెయ్యి ఎవరిది?

వచ్చాక ఏముంది. 89 సెకన్లు, 109 సెకన్లు, మళ్ళీ అంకెలు. బ్రూనో దగ్గర ఒక బెల్టు, బ్రూస్ సెల్డన్ దగ్గర ఒక బెల్టు. సెల్డన్ అయితే దెబ్బ కన్నా ముందే పడిపోయినట్టుంటుంది. 1996 నవంబరులో హోలీఫీల్డ్ వచ్చాడు. అతని పని అయిపోయిందని అందరూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం. హోలీఫీల్డ్ భయపడలేదు, అంతే. దగ్గరికొస్తే పట్టుకున్నాడు, తోస్తే తిరిగి తోశాడు, వదిలితే కొట్టాడు. టైసన్ దగ్గర రెండో ఉపాయం లేదు. పదకొండో రౌండులో ఆపేశారు. 1997 జూన్‌లో చెవి కొరికిన సంగతి బాక్సింగ్ అంటే తెలియని మా నాయనమ్మకి కూడా తెలుసు. ముప్ఫై లక్షల డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. ఆ రోజు రిఫరీ మిల్స్ లేన్. పదకొండేళ్ళ కిందట బెర్బిక్ ఆటని ఆపి, ఇరవై ఏళ్ళ టైసన్‌ని ఛాంపియన్‌గా నిలబెట్టిన రిఫరీ కూడా ఆయనే. 2002లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఎనిమిదో రౌండు. తర్వాత డానీ విలియమ్స్, కెవిన్ మెక్‌బ్రైడ్. వాటి గురించి రాయడం నాకిష్టం లేదు.

అతన్ని పిరికివాడనే వాళ్ళున్నారు, నేనొప్పుకోను. ఒంటి కన్నుతో పదో రౌండు దాకా నిలబడ్డవాడు, 1991లో రేజర్ రడక్ గుద్దులు తింటూ 12 రౌండ్లు ఆడినవాడు పిరికివాడెలా అవుతాడు? నేననేది వేరు. కింద పడి, లేచి, గెలిచిన ఆట టైసన్ జీవితంలో ఒక్కటి కూడా లేదు. ఇదే చోట ల్యారీ హోమ్స్‌ని చూడండి. 1979లో ఎర్నీ షేవర్స్ ఏడో రౌండులో వేసిన కుడి చేతి దెబ్బకి హోమ్స్ చెట్టు కూలినట్టు కూలాడు. లేచాడు. పదకొండో రౌండులో గెలిచాడు. 20 సార్లు బెల్టు కాపాడుకున్నాడు. అలీ 1971లో ఫ్రేజియర్ చేతిలో ఓడి, 74లో, 75లో తిరిగి గెలిచాడు. జో లూయిస్ 1936లో ష్మెలింగ్ చేతిలో పడి, రెండేళ్ళకి వచ్చి మొదటి రౌండులోనే లెక్క తేల్చాడు. ఆట తిరగబడ్డప్పుడు వీళ్ళ దగ్గర ఇంకొకటి ఏదో ఉండేది. టైసన్ దగ్గర మొదటిది ఎంత గొప్పగా ఉండేదంటే, రెండోది కావాలని ఎవరికీ తోచలేదు. అతనికి కూడా.

కాబట్టి నా లెక్కలో హెవీవెయిట్ మొదటి అయిదుగురిలో టైసన్ లేడు. పది మందిలో చివరి కుర్చీ ఇస్తాను, అది కూడా కొంచెం ఆలోచించి. కానీ 1986 నవంబరు నుంచి 1988 జూన్ దాకా, ఆ పందొమ్మిది నెలల టైసన్‌ని ఎవరి ముందైనా నిలబెట్టండి, అలీ అయినా సరే, ఆ రాత్రి వాళ్ళకి కష్టమే. ఇది విని బావకి సగం కోపం, వాళ్ళబ్బాయికి సగం కోపం. 2022లో టైసన్ మన తెలుగు సినిమాలో కనిపించినప్పుడు మొదటి రోజు మొదటి ఆటకి వెళ్ళి ఈలలేసిన మనిషి మా బావ. ఆయనకి "చివరి కుర్చీ" అంటే తిట్టినట్టే.

మొన్న సంక్రాంతికి మళ్ళీ కలిశాం. భోగి రాత్రి, పిండివంటల పళ్ళెం మధ్యలో పెట్టుకుని, బెర్బిక్ ఆట టీవీలో వేశాను. వాళ్ళు నిజంగా కొట్టుకున్నది మొత్తం కలిపి ఆరు నిమిషాలు కూడా లేదు. సౌండ్ తీసేశాను. "ఎన్ని తగిలాయో వద్దు, బెర్బిక్‌వి ఎన్ని తప్పాయో లెక్కపెట్టరా" అన్నాను కుర్రాడితో. వాడు వేళ్ళు ముడుస్తూ మొదలెట్టాడు. మొదటి రౌండు సగంలో ఆపి, వెనక్కి జరపమన్నాడు. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ లెక్క తప్పింది. ఈసారి ఫోన్ సోఫాలో పెట్టి, టీవీకి దగ్గరగా వెళ్ళి నేల మీద కూర్చున్నాడు. అరిసె చేతిలోనే ఉండిపోయింది.

"పేపర్లో 91 సెకన్లని వేసేవాడు గానీ ఇది వేసేవాడు కాదే" అన్నాడు బావ కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు. ఒక నిమిషం ఊరుకుని, "సరే గానీ, చివర్లో ఆ మూడు సార్లు పడ్డం ఒక్కసారి పెట్టరా" అన్నాడు.

పెట్టాను. నేను కూడా కుర్చీ ముందుకి జరుపుకున్నాను.